చెట్టుపై చేయి వేయుటకు అధికారి యెవడు?

పూర్వమీమాంసకులు యజ్ఞమును గూర్చి విచారించునపుడు, ఏ ద్రవ్యమును ఏ మంత్రముతో ఏ యగ్నియందు వేల్వవలెనను ప్రశ్నలతో తృప్తిపడక, అసలీ కర్మమును చేయుటకు అర్హుడెవడను విచారమును వేఱుగా నిలిపి, జైమిని సూత్రములలో ఆఱవ అధ్యాయమును దానికే వినియోగించిరి. వానికి కోరిక యుండవలెను, శక్తి యుండవలెను, తెలివిడి యుండవలెను, శాస్త్రము వానిని నిషేధించి యుండరాదు. ఈ నాలుగును కూడినవాడే అధికారి. ఈ విచారము యజ్ఞవాటికతో ముగిసిపోవలసినది కాదనియు, ప్రాణముగల దానిపై చేయి వేయు ప్రతి వృత్తికిని చెందవలసినదనియు నాకు చాలకాలముగా తోచుచున్నది. వైద్యునికి ఇది వర్తించునని లోకము ఒప్పుకొన్నది; పట్టము లేనివాడు మనుష్యదేహముపై కత్తి పెట్టిన శిక్ష కలదు. పశువైద్యునికిని వర్తించునని ఒప్పుకొన్నది. చెట్టు దగ్గఱకు వచ్చుసరికి మాత్రము గొడ్డలి చేతనున్న ప్రతివాడును అధికారియే.

నెల్లూరు జిల్లా తూర్పున, పెన్న కాలువల క్రింద వరి పండు కోవూరు సీమలో, చెట్టు గట్టుమీది నీడ. పడమట, వెలిగొండల కివతల, వరికుంటపాడు, దుత్తలూరు, ఉదయగిరి ప్రాంతములలో వాన నమ్మరానిది, నేల మెట్ట, అచ్చట వేపచెట్టు మేకకు మేత, ఇంటికి దూలము, పొలమునకు పిండి, చింతచెట్టు ఏటి కొక్క పంట, కానుగ పచ్చిరొట్ట. బత్తాయి, మామిడి, నిమ్మ వేసినవారు బోరు ఎండిపోయిన యేట, అప్పు చేసియైనను టాంకరుతో నీరు తోలించి చెట్టును బ్రతికించుకొందురు. ఇంత ఆరాటపడి బ్రతికించుకొన్న చెట్టునే, కొమ్మ బండికి అడ్డమైనదని, మొదటివఱకు బెరడు చీలిపోవునట్లు ఒక్క వ్రేటున నఱకుటకు వెనుదీయరు. ప్రేమకు కొఱత లేదని స్పష్టము. మీమాంసకుల నాలుగింటిలో కోరికయు శక్తియు ఇచ్చట సమృద్ధిగా నున్నవి. తక్కిన రెండింటిని, అనగా నిషేధమును తెలివిడిని, పరీక్షింపవలసియున్నది.

అట్టి యూరిలో ఒక యువకుడు, పగలు తోటపని చేసికొని రాత్రి పుస్తకము పట్టి, ఇల్లు విడువక, దూరవిద్యగా వృక్షసంరక్షణమును అభ్యసింపబూనెనని యనుకొందము. వాని చేతికి కత్తి నీయవచ్చునా యనునది ఈ వ్యాసమునకు ప్రశ్న.

నిషేధమును ముందుగా చూతము. చెట్టునకు సుఖదుఃఖములున్నవని మనుస్మృతి మొదటి యధ్యాయముననే చెప్పినది. తమస్సుచే కప్పబడియున్నను వానికి లోపల సంజ్ఞ కలదని దాని యభిప్రాయము. మహాభారతమున శాంతిపర్వములో భరద్వాజుడు భృగుమహర్షిని, చెట్లలో పంచభూతములున్నట్లు కానరాదే యని యడుగగా, భృగువు, ఉరుము ధ్వనికి పూవు రాలుటను బట్టి వినికిడిని, తీగ దారి వెదకికొని ప్రాకుటను బట్టి చూపును, వేళ్లతో నీరు త్రాగుటను బట్టి రసనేంద్రియమును ఊహించి, తర్కమార్గముననే సమాధానము చెప్పును. పెన్న యొడ్డున నెల్లూరిలో మనుమసిద్ధి మంత్రియై యుండి తిక్కన తెనిగించిన పర్వములలో శాంతిపర్వమొకటి యగుటచేత, ఈ సీమవారికి ఆ పర్వముపై కొంత యధికమైన హక్కున్నదని నేనన్న తప్పు పట్టువారుండరు. జైనులు చెట్టునకు స్పర్శమను ఒక్క యింద్రియమునే యొసగి, ఆ యొక్కదానికే అహింసావ్రతమును విస్తరించిరి. జగదీశచంద్ర బోసు 1917లో కలకత్తాలో తన పరిశోధనాలయమును స్థాపించి, మొక్క స్పందనములను కోట్లంతలు పెంచి చూపు యంత్రములతో ఇదే ప్రశ్నను వేఱొక భాషలో అడిగెను.

వీనియన్నిటిలో నన్నెక్కువగా ఆలోచింపజేసినది బౌద్ధుల వినయపిటకములోని యొక చిన్న కథ. ఆళవి యను నూర భిక్షువులు కట్టడములు కట్టుకొనుచు చెట్లు నఱకుచుండిరి. ఒక చెట్టుపై నివసించు దేవత, తన యిల్లు పడగొట్టవలదని భిక్షువును ప్రార్థించెను. అతడు వినక నఱకగా ఆ వ్రేటు దేవత బిడ్డ చేతికి తగిలెను. అతనిని అక్కడికక్కడ చంపివేయుదునా యని దేవతకు తోచినది. అది తగదని తనను తానే నిగ్రహించుకొని బుద్ధునియొద్దకు పోయి మొఱపెట్టుకొనెను. బుద్ధుడా నిగ్రహమును మెచ్చి, ఖాళీగా నున్న మఱియొక చెట్టును చూపించెను. పిమ్మట చెట్టుచేమలను ధ్వంసము చేయుట భిక్షువునకు దోషమని నియమము విధించెను. ఆ నియమమునకు అతడు చెప్పిన హేతువు విచిత్రమైనది: జనులు చెట్టునందు ప్రాణమున్నదని తలచుచున్నారు. ప్రాణమున్నదని కాదు, ఉన్నదని తలచుచున్నారు అని మాత్రమే. చెట్టు చేతనమా యచేతనమా యను తగవును తేల్చకయే, దానిపట్ల నడవడిని తేల్చవచ్చునని ఆ కథ సూచించుచున్నట్లు నేను గ్రహించితిని.

అయిన ఈ నిషేధములన్నియు నాశనమును గూర్చినవే గాని చికిత్సను గూర్చినవి కావు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక యధ్యాయమునే వృక్షాయుర్వేదమునకు కేటాయించి, రోగము సోకిన భాగమును ముందుగా శస్త్రముతో శుద్ధిచేయుమని, పిదప వాయువిడంగములు, నేయి, బురద పట్టించి పాలు కలిపిన నీరు పోయుమని చెప్పెను. ఆ విద్యనే గూర్చి గ్రంథము వ్రాసిన సురపాలుడు ఇంకను ముందుకు పోయి, చెట్ల రోగములను వాత పిత్త కఫములుగా విభజించెను. ఆ సురపాలుని గ్రంథపు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నుండగా తెప్పించి, నళినీ సాధలే గారిచే అనువదింపజేసి, 1996లో ముద్రించినది సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను. మన చెట్ల వైద్యమును మనము సముద్రము దాటించి, మఱల రప్పించుకొని చదువుకొంటిమి. దూరవిద్యకు ఇంతకు మించిన నిదర్శనము వేఱొకటి నాకు కనబడదు. కావున శస్త్రము నిషిద్ధము కాదు. తెలియని చేతిలోని శస్త్రము నిషిద్ధము.

ఇచ్చట మన యూళ్ల భక్తిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. రావికిని వేపకును పెండ్లి చేయుదుము, పసుపు కుంకుమ పెట్టుదుము, చుట్టును ప్రదక్షిణము చేయుదుము, రావికొమ్మ విఱుచుటకు భయపడుదుము. ఆ చెట్టు చుట్టును సిమెంటుతో అరుగు కట్టించి, మొదలు రెండడుగుల ఎత్తు మట్టితో పూడ్పించి, దాత పేరు చెక్కిన పలకను అతికించుటకు మాత్రము భయపడము. చెట్టునకు ఆహారమును సమకూర్చు సన్నవేళ్లలో అధికభాగము నేల పైపొరలలోనే యుండును. వానికి నీటితోబాటు గాలియు కావలెను. బెరడు నిరంతరము తడిమట్టిలో నుండిన క్రుళ్లును. పదేండ్లకో పదునైదేండ్లకో చెట్టు పైనుండి ఎండుట మొదలిడిన, దృష్టి తగిలినదనియో, ఎవరో మైలపఱచిరనియో అనుకొందుము. కొమ్మ విఱుచుట పాపమని యెఱిగిన భక్తి, వేరునకు ఊపిరాడకుండ చేయుట పాపమని యెఱుగలేదు. ప్రభుత్వ మార్గము వేఱు. 2002 నాటి వాల్టా చట్టము చెట్టు నఱకుటకు అనుమతి కావలెనన్నది. ఆ యనుమతి దొఱకినవాడు ఎట్లు నఱకునో, కొమ్మ మాత్రమే తీయబూనినవాడు దానిని తీయనేర్చినవాడా కాడా యనునది ఎవరికిని పట్టదు. తీగలకు తగులుచున్నదని చెట్టు తలనే ఎగురగొట్టి మోడు చేసిపోవు దృశ్యము ప్రతి యూరి బాటపైనను చూడవచ్చును.

ఇక తెలివిడి సంగతి. గురువునకు దూరముగా నుండి నేర్చినది విద్యయగునా? ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని వృత్తాంతము, ఈ ప్రశ్నకు నేనెఱిగిన సమాధానములలో మిక్కిలి ప్రాచీనమైనది. గోత్రమేమని హారిద్రుమత గౌతముడు అడుగగా, తన తల్లికే తెలియదన్న నిజమును దాచక చెప్పినందుననే ఆ బాలునికి ప్రవేశము దొఱకినది. ప్రవేశమిచ్చిన గురువు చేసిన మొదటి పని పాఠము చెప్పుట కాదు. బక్కచిక్కిన నాలుగు వందల యావులను అప్పగించి తోలుకొనిపొమ్మనుట. వేయి కానిదే తిరిగి రానని సత్యకాముడు అడవికి పోయెను. అచ్చట ఒక వృషభము, అగ్ని, ఒక హంస, ఒక నీటికాకి, ఒక్కొక్కటి బ్రహ్మమునందు ఒక్కొక్క పాదమును బోధించినవి. పశుపోషణము చేసికొనుచు, గురుకులమునకు యోజనముల దూరమున, సాయంకాలము మంద విడిసిన వేళ నేర్చిన చదువది. ఈనాటి పరిభాషలో దానిని పార్ట్ టైము దూరవిద్య యనకుండుటకు కారణము కనబడదు.

పార్ట్ టైమను మాటకు జంకవలసిన పనియు లేదు. వేదాధ్యయనమే సంవత్సరము పొడుగున సాగినది కాదు. శ్రావణమున ఉపాకర్మతో మొదలిడి నాలుగున్నర మాసములు చదివి ఉత్సర్జనము చేయుమని మనువు విధించెను. ఆ మాసములలోనైనను ఉరుమునకు, గాలివానకు, అష్టమికి, అమావాస్యకు అనధ్యాయములు పాటించిరి. చెట్లతో పనిచేయువానికి ఈ విరామములు విద్యలోని భాగములే. మామిడి పూతలో నున్నపుడు కత్తి ముట్టరాదు. కోత ముగిసి తొలకరి పడిన పిమ్మట కత్తిరింపులు. పుస్తకమున చదివిన దానిని చేసిచూచుటకు ఋతువు వచ్చువఱకు ఆగవలసినదే. ఆగుటకు తీఱిక యున్నది రెండేండ్లలో పట్టము పుచ్చుకొని పోవలసిన పట్టణపు విద్యార్థికి కాదు. చెట్టు ఎదుటనే యున్నవానికి.

మన దేశములో ఈ మార్గము తెఱచిన చరిత్ర దీర్ఘమైనది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోను ఉత్తరముల ద్వారా చదువు చెప్ప మొదలిడినవి. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, తరువాత అంబేడ్కరు పేరు దాల్చినది, ఆచార్య జి. రాంరెడ్డి ప్రథమ ఉపాధ్యక్షుడుగా వెలసి, బడి ముఖము చూడనివాడు సైతము అర్హతాపరీక్ష నెగ్గిన డిగ్రీలో చేరవచ్చునన్నది. గోత్రము అడుగని గురువు ఈ దేశములో ప్రభుత్వపుటుత్తర్వుతో పుట్టవలసివచ్చినది. మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని నేర్చిన ఏకలవ్యుని బొటనవ్రేలి కథ తెలిసినవారికి ఆ యుత్తర్వు బరువు తెలియును. వ్యవసాయ విద్యలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము సేంద్రియ వ్యవసాయమున సర్టిఫికెటు కోర్సు నడపుచున్నది. రాజేంద్రనగరులోని మేనేజ్ సంస్థ 2003లో, ఎఱువులు పురుగుమందులు అమ్ము దుకాణదారుల కొఱకు, వారమునకొక సెలవునాడు తరగతి చొప్పున ఏడాది సాగు డిప్లొమాను ఆరంభించినది. పల్లెలలో చెట్టు రోగమునకు తొలి వైద్యుడు ఆ దుకాణదారుడే గనుక ఇది తెలివైన పని. పట్టమీయకపోయినను, 1969 నుండి వెలువడిన ‘అన్నదాత’ మాసపత్రికయు, ఆకాశవాణి పాడిపంటల ప్రసంగములును తెలుగురైతునకు చేసిన బోధన తక్కువది కాదు. అయినను, తోటల పెంపకము వేఱు, చెట్టు నొక దేహముగా నెఱిగి సంరక్షించుట వేఱు. ఈ రెండవదానిని ఒక వృత్తిగా, క్రమమైన చదువుగా నిలిపినది పాశ్చాత్యులు. అమెరికాలో 1924లో నీడచెట్ల సంరక్షకులు కూడి స్థాపించుకొన్న సంఘమే నేటి అంతర్జాతీయ వృక్షసంరక్షకుల సంఘము. ఆ సంఘము పరీక్షకు కూర్చుండబోవువానిని మూడేండ్లు చెట్లపై పనిచేసితివా యనియో, తత్తుల్యమైన చదువు ననుభవము కలదా యనియో మొదట అడుగును. చదువునకు ముందు చెట్టు. ఈ వరుస నాకు నచ్చినది.

ఊరిలో దీనికి ఎదురగు ఆక్షేపణ గ్రంథములలోని యాక్షేపణ కంటె పదునైనది. నిచ్చెన వేసి చింతకొమ్మ కొలుచుచున్న యువకుని చూచి పెద్దాయన యొకడు, “పుస్తకం చూసి చెట్టెక్కుతావంట్రా అబ్బయా?” అనును. “ఎక్కినాక పుస్తకం చూస్తన్నా తాతా” అని వాడు బదులు చెప్పును. ఇది చమత్కారము మాత్రమే గాక, ఒక క్రమమును కూడ చెప్పుచున్నది. ఎక్కినపిమ్మట పుస్తకము ఏమి చూపగలదు, ఏమి చూపలేదు?

చూపగలిగినదానికి ఒక ఉదాహరణము చాలును. కొమ్మ మొదటినుండి పుట్టుచోట బెరడు ముడుతలు పడి, మెడవలె ఉబ్బిన యొక వలయముండును. మన నఱకుడుగాండ్రు శుభ్రముగా నుండవలెనని దానిని కూడ మొదటికి సమముగా చెక్కివేయుదురు. లేదా తొందరలో మూరెడు మోడు విడుతురు. రెండును చెట్టునకు కీడు. ఆ వలయము మొదటి దేహమునకు చెందినది. దానిని గాయపఱచక, దాని వెలుపలనే కోయవలెను. బరువైన కొమ్మయైనచో ముందుగా కొంత దూరమున క్రిందినుండి సగము కోసి, పిదప పైనుండి కోసి బరువు దింపి, చివరకు మిగిలిన మోడును తీయవలెను. అట్లయిన బెరడు చీలదు. ఇది బొమ్మ చూచి నేర్వవచ్చును. ఎందుకట్లు చేయవలెనో మాత్రము బొమ్మ చెప్పదు.

ఎందుకన్నదానిని చెప్పినవాడు అలెక్స్ షైగో యను అమెరికా అటవీశాస్త్రజ్ఞుడు. అతనికి ముందు చెట్లను అడ్డముగా కోసి ఉంగరములు లెక్కించువారే యెక్కువ. అతడు యంత్రపు ఱంపముతో వేల చెట్లను నిలువుగా చీల్చి, లోపలి క్రుళ్లు ఎట్లు ప్రయాణించునో చూచెను. 1977లో అతడు ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము చెట్టు గాయమును మాన్పుకొనదు. మన చర్మమువలె చెడిన కణమునకు బదులు క్రొత్త కణమును అదే చోట పుట్టించుకొను శక్తి దానికి లేదు. అది చేయునది గోడలు కట్టుకొనుట. నిలువుగా నాళములను మూసివేయు గోడ యన్నిటిలో బలహీనమైనది. లోపలివైపు వలయముల గోడ దానికంటె కొంత గట్టిది. ప్రక్కల గోడ ఇంకను గట్టిది. గాయము తగిలిన పిమ్మట పుట్టు క్రొత్త కఱ్ఱకును పాతదానికిని నడుమ కట్టు నాలుగవ గోడ యన్నిటికంటె దృఢమైనది. చెడినదానిని ఆ గోడల లోపల బంధించి, చెట్టు వెలుపల క్రొత్త దేహమును పెంచుకొనిపోవును. పైకి బెరడు కప్పుకొని నున్నబడినను, ఏబదియేండ్లనాటి గొడ్డలివ్రేటు లోపల ఉన్నచోటనే యుండును.

కర్మసిద్ధాంతమును నమ్మినవాడు ఇచ్చట ఒక్కక్షణమాగక తప్పదు. చేసిన కర్మము అనుభవింపక నశింపదని శాస్త్రకారులు చెప్పుచునే, ప్రాయశ్చిత్తకాండమును విస్తారముగా రచించిరి. జ్ఞానము కలిగినను ప్రారబ్ధము అనుభవించియే తీఱవలెనని శంకరులు ఒప్పుకొనిరి. ప్రాయశ్చిత్తము పాపమును తుడిచివేయునా, లేక దానిని ఇక ప్రాకనీయక నిలుపునా యను వాదము ధర్మశాస్త్రజ్ఞులలో ఎన్నటికిని తెగలేదు. నా మనస్సు రెండవపక్షమువైపు మొగ్గును. అట్లు మొగ్గుటకు చెట్టు కొంత కారణమని యొప్పుకొందును. చెట్టు చేసికొను ప్రాయశ్చిత్తము తుడుపు కాదు, కట్టడి. కనుకనే కోయువాని బాధ్యత మిక్కుటము: వాడు చేసిన తప్పును చెట్టు క్షమింపదు, శిక్షింపదు, తనలో నుంచుకొనును.

ఇక పుస్తకము చూపలేనిది ఈ లోపలి సంగతియే. జీవించియున్న చెట్టును చీల్చి చూడలేము. అయితే వరికుంటపాటి విద్యార్థికి ఒక యదృష్టమున్నది. వానికి ప్రక్కనే ఉదయగిరి; దుర్గము కొండ యడవులలోని నర్ది, దేవదారి, బిక్కి మొదలగు కఱ్ఱలతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కు కుటుంబములు అచ్చటనున్నవి; ఆ వస్తువులకు 2015లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. వారి విద్య దూరవిద్యకు నేరుగా వ్యతిరేకమైనది: ఇంటిలో, పెద్దల మోకాలి ప్రక్కన కూర్చుండి, చేతినుండి చేతికి దిగివచ్చినది. కఱ్ఱను చీల్చి చూచుట వారి నిత్యకృత్యము. కణుపు ఎచ్చట దాగియున్నదో, నల్లని చాఱ ఎచ్చట మొదలై ఎంతదూరము పోయినదో, ఏ ముక్క గరిటె కాడగా నిలుచునో ఏది విఱుగునో వారి వ్రేళ్లకు తెలియును. షైగో ఱంపముతో వెదకినదానిని వారు ఉలితో దినదినమును చూచుచున్నారు. దానిని గాయపు చరిత్రగా చదువవలసిన యవసరము వారికి కలుగలేదు, అంతియే. చెట్టును బ్రతికించుటకు నేర్చువాడును, చచ్చిన కొమ్మకు రూపమిచ్చువాడును ఒకరి యరుగుపై నొకరు కూర్చుండిన ఇరువురి విద్యయు పూర్ణమగును.

పుస్తకములు పరస్పరము విరోధించు సందర్భములు కూడ వచ్చును. నీడచెట్టు కోసిన చోట ఏ లేపనమును పూయవలదు, అది క్రుళ్లును ఆపదని షైగో అనుయాయులు చెప్పుదురు. నిమ్మ, బత్తాయి మొదట బంక కారినచో, చెడిన బెరడు గీకి, కిలో మైలుతుత్తము, కిలో సున్నము, పదిలీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయవలెనని మన విశ్వవిద్యాలయములు చెప్పును. రెండును నిజమే. మొదటిది కఱ్ఱలోపలి క్రుళ్లును గూర్చినది. రెండవది నేలనుండి బెరడునకు ప్రాకు శిలీంధ్రమును గూర్చినది. కాని రాత్రి దీపము క్రింద ఒంటరిగా రెండు పాఠములు చదివినవానికి, ఇవి రెండు వేర్వేఱు వ్యాధులని చెప్పువాడెవడు? తప్పుగా నేర్చినను పుస్తకము తలయూపుచునే యుండును.

2021లో తెలుగుదేశమంతట వేపచెట్లు కొసలనుండి ఎండిపోవుట చాలమందికి జ్ఞాపకముండును. ఉగాది పచ్చడికి పూవు దొఱకునా యని భయపడినవారు కలరు. కలికాలపు సూచనలు చెప్పినవారు కలరు. ఫోమాప్సిస్ యను శిలీంధ్రమును, టీ దోమ యను పురుగును కలిసి లేతకొమ్మలను మాడ్చినవని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కొందఱు చెట్టు చచ్చినదని తలచి మొదలంట కొట్టించిరి. ఆగినవారి చెట్లు పెక్కు మఱల చిగిర్చినవి. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారునకు చెప్పిన చెట్టు పాఠము నాకప్పుడు గుర్తునకు వచ్చినది: జీవము ఒక కొమ్మను విడిచిన ఆ కొమ్మ యెండును, రెండవదానిని విడిచిన రెండవది యెండును, అంతటిని విడిచిననే అంతయు నెండును. గురుకులమున పండ్రెండేండ్లు చదివి గర్వించి వచ్చిన శ్వేతకేతునకు ఆ పాఠము కావలసివచ్చినది. ఎండినది కొమ్మయా చెట్టా యని తెలియుట కత్తి పట్టుటకంటె ముందు రావలసిన విద్య. వ్రేలిగోటితో బెరడు గీకి, క్రింద పచ్చగా నున్నదా యని చూచుట దాని మొదటి యక్షరము.

దీనితో దూరవిద్యలో అసలు దూరమెచ్చటనున్నదో తేలుచున్నది. గురువునకు శిష్యునకు నడుమ నున్న దూరమును ఉత్తరము, రేడియో, నేడు చేతిలోని ఫోను చాలవఱకు తగ్గించినవి. కర్మమునకు దాని ఫలమునకు నడుమ నున్న దూరమును ఏదియు తగ్గింపలేదు. నేడు తప్పుగా కోసిన కొమ్మకు సమాధానము పదునైదేండ్లకు తొఱ్ఱరూపమున వచ్చును. అప్పటికి కోసినవాడు ఊరిలో ఉండకపోవచ్చును. ఫలమునందు నీకధికారము లేదని గీత చెప్పినది; ఆ మాటను అడ్డుపెట్టుకొని, కోసి పోయినవాడు నాకేమి సంబంధమనుట మాత్రము గీత యభిమతము కాజాలదు. ఫలమును కోరరాదు గాని, ఫలమునకు ఉత్తరవాది కాకపోరాదు. చెట్టు మంచి గురువే. దాని దిద్దుబాటు మాత్రము మిక్కిలి ఆలస్యముగా వచ్చును.

సత్యకాముడు వేయి యావులతో తిరిగివచ్చినపుడు, గురువు వాని ముఖము చూచి, బ్రహ్మమెఱిగినవానివలె వెలుగుచున్నావు, నీకెవరు చెప్పిరని యడిగెను. మనుష్యులు కానివారు చెప్పిరని యొప్పుకొనియు, తమవంటి ఆచార్యునివలన నేర్చిన విద్యయే సాధుతమమగునని విన్నాను, కావున మీరే చెప్పవలెనని అతడు ప్రార్థించెను. గురువు క్రొత్తది చెప్పలేదు. ఏమియు కొఱత పడకుండ అదియే చెప్పెను. తెలిసినదానినే మఱల వినుట యెందుకని చాలమంది వ్యాఖ్యాతలు వినయమును కారణముగా చూపుదురు. నాకది చాలదనిపించును. వృషభము బోధింపగలదు, శిష్యుడు సరిగా గ్రహించెనా లేదా యని సరిచూడలేదు. చెట్టును అంతే. సరిచూచుటకు మనుష్యుడు కావలెను, చెట్టు సమాధానము చెప్పుటకు ముందే కావలెను.

కావున దూరవిద్యలో సంపర్క తరగతులు పేరునకు మాత్రమే యుండరాదని నా వాదము. ఉత్తరముల ద్వారా పంపవలసినదంతయు పంపనిండు. సంవత్సరమునకు కొన్నిదినములు మాత్రము విద్యార్థులను జిల్లాకేంద్రపు కళాశాల గదిలో నల్లబల్ల ముందు కూర్చుండబెట్టక, ఉదయగిరికి రప్పింపవలెను. కార్తికమున నెల్లూరు తీరమునకు తుపానులు వచ్చినపుడు బాటలపై కూలిన మానులను వేలము వేయుటకు ముందు ఒక్కదానిని విద్యకై విడువవలెను. దానిని నిలువుగా చీల్పించి, కొమ్మలు తీసిన పాతచోట్లను ఒక్కొక్కటిగా చూపి, ఇది ఏ యేటి కోత, ఇది సరియైనదా, ఈ గోడ ఎందుకు నిలువలేదు అని యడుగవలెను. చెప్పుటకు ఉద్యానశాస్త్రజ్ఞుడొకడు, ప్రక్కన గరిటెలు చెక్కు పెద్దమనిషి యొకడు ఉండవలెను. ఇరువురకును సమానమైన గౌరవవేతనమీయవలెను. ఆనాటి ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవానికే నిచ్చెన యెక్కుటకు చీటి వ్రాసియిచ్చుట మేలు; చెప్పలేనివాడు ఇంటికి పోయి, తన తోటలోని చెట్లనే చూచుకొనుచు, మఱుసటి యేటి తుపాను వఱకు చదువుకొనవచ్చును.